చప్పుడు రాకుండా తిరగడం నేర్పిన అయ్యవారు

మొన్న తెల్లవారి నంద్యాల బస్టాండులో టీ గ్లాసు ఇంకా నోటిదాకా పోలేదు, ఆళ్లగడ్డ బండి డ్రైవరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "అన్నా, మన అయ్యవారు పోయినాడంట" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "మంచాన పడినాడా?" అని.

"ల్యాదన్నా. పొద్దున్నే లేసి మొగం కడుక్కోని కుర్చీలో కూచున్యాడంట. అమ్మగారు కాఫీ తెచ్చేసరికి అయిపోయిందంట."

హమ్మయ్య అనుకున్నాను. మనిషి పోయాడని వింటే ఎవడైనా హమ్మయ్య అనుకుంటాడా అని మీరు నన్ను తిట్టుకున్నా సరే, ఉన్న మాట చెబుతున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఊరటే.

ఎందుకంటే అయ్యవారి నాయన పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచంలో ఉండి పోయాడు. పక్క మార్చాలన్నా ఇద్దరు కావలసి వచ్చేదట. "నాకు చావంటే బయం ల్యాదప్పా. ఒకరు తిప్పితే తిరిగే బతుకంటేనే బయం" అని అయ్యవారు ఒకసారి నాతో అన్నారు. ఆసనాల మీదికి ఆయన మనసు పోయింది కూడా ఆ మంచం చూసే. అలాంటి మనిషి తన కుర్చీలో తాను కూచుని, ఎవరి చేతా తిప్పించుకోకుండా వెళ్లిపోయారంటే నాకు ఊరట కాక మరేమిటి?

ఆయన ఆళ్లగడ్డలో ఒక హైస్కూల్లో తెలుగు పండితులు. పూర్వులు అహోబిలం గుడిలో పారాయణాలు చేసినవాళ్లు. కాపురం మాత్రం నంద్యాలలో. రోజూ నా బస్సులోనే పోయి వచ్చేవారు. నేను ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తలో ఆ రూట్లో కండక్టరుగా కుదిరాను. మాది క్రైస్తవ కుటుంబం, మా నాయన చర్చిలో గంట కొట్టేవాడు.

అయ్యవారు డ్రైవరు వెనక సీట్లో కూచునేవారు. గుంతల్లో బస్సు ఎగిరెగిరి పడుతున్నా ఆయన వీపు సీటుకు ఆనేది కాదు. నా నోరు ఊరుకోదు కదా, "అయ్యవారూ, వీపుక్కూడా టికెట్టు తీసుకున్యారు, కొంచెం ఆనించండి" అనేవాణ్ణి. "నా వీపు నిలబడే వస్తాది లేప్పా. దాని టికెట్టు వాపసు తీసుకో" అనేవారు. బస్సంతా నవ్వేది. ఆయన మాత్రం నవ్వేవారు కాదు, కిటికీలోంచి శనగ చేలు చూసుకుంటూ ఉండేవారు.

ఒకరోజు శిరివెళ్ల దగ్గర ఎవరిదో శనగ మూట టాపు మీదికి అందిస్తూ ఉంటే నా నడుము పట్టేసింది. ఇక చూడండి నా వైద్యాలు! మా వైపు నడుము పడితే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకుంటారు. పాణ్యంలో అలా పుట్టిన ఒక ముసలమ్మ ఉంటే పోయి బోర్లా పడుకున్నాను. ఆమె దేవుణ్ణి తల్చుకుని నా నడుము మీద కాలు వేసి తొక్కింది. కటుక్కుమంది. "పోయింది లే నాయనా" అంది. పోలేదు. మంగలి షాపులో క్షవరం అయ్యాక మెడ విరిపించుకున్నాను, నడుమూ విరిపించుకున్నాను. అక్కడా కటుక్కుమంది. చప్పుడు వస్తేనే పట్టు వదిలినట్టు అని చిన్నప్పటి నుంచీ మా అందరి నమ్మకం. నాకు వందసార్లు వదిలింది, వందసార్లు మళ్లీ పట్టుకుంది.

చివరికి కర్నూలు డాక్టరు, ఇలాగే ఉంటే ఈ పని మానుకోవాలి, ముదిరితే ఆపరేషన్ తప్పదు అన్నాడు. నాకు కండక్టరు పని తప్ప ఇంకోటి చేతకాదు. మా ఆవిడ అప్పుడు తొలిచూలు. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

ఆళ్లగడ్డలో దిగుతూ అయ్యవారే అడిగారు. "ఏందప్పా, వంగి నడుస్తాండావ్?" చెప్పాను. ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూశారు. "సంచీ ఎప్పుడూ ఎడమ బుజానికే. తిరిగేదెప్పుడూ కుడిపక్కకే. రోజంతా ఒకే పక్క మెలి తిప్పితే తాడైనా పురి ఎక్కుతాది. రేపు తెల్లార్తో ఇంటికి రా. ఖాళీ కడుపుతో రా."

మా అమ్మ ఒప్పుకోలేదు. "ఆయప్ప మంత్రాలు చదివిస్తాడేమోరా" అంది. నేను ఆ మాట అలాగే ఆయనకు చేరవేశాను. "నీ దేవుణ్ణి నువ్వు తల్చుకో, వద్దనేదెవరు? ఊపిరి మాత్రం బిగబట్టొద్దు, అదే నేను చెప్పే మంత్రం" అన్నారు. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "సరే, పోయి రా" అంది.

మిద్దె మీద చాప పరిచి, దుప్పటి మడత వేసి దాని అంచు మీద నన్ను కూచోబెట్టారు. కూచోవడమే. ఎన్నాళ్లకీ నడుము తిప్పనివ్వరు. "తిరగడం ఎప్పుడు నేర్పుతారు?" అంటే "కూచోడం రానీ" అనేవారు. నాకు ఒళ్లు మండేది. నడుము కోసం వచ్చినవాడికి కూచోవడం నేర్పేదేమిటని లోపల గొణుక్కునేవాణ్ణి.

ఆయన ఒక్కసారి, కూచుని నడుము మెలి తిప్పే అర్ధమత్స్యేంద్రాసనం వేసి చూపించారు, నన్ను వేయమనలేదు. నేను ఊరుకుంటానా? ఆ రోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్టాండులో అన్నం తిని, ఖాళీ బస్సు వెనక సీటెక్కి కాలు మీద కాలు వేశాను. మోకాలు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, అన్నిటికంటే ముందు మెడ తిప్పి, చప్పుడు వచ్చేదాకా గుంజాను. వచ్చింది. ఆహా, ఏం సుఖం! లేవబోతే లేవలేకపోయాను. డ్రైవరూ, సోడాబండి ఆయనా చెరో రెక్కా పట్టి దించారు. నా పని అయిపోయిందనే అనుకున్నాను.

సాయంత్రం అయ్యవారు మా ఇంటికొచ్చారు. మా వాడలో అడుగుపెట్టడం ఆయనకు అదే మొదలు. మా అమ్మ కుర్చీ తుడిచి తుడిచి వేసింది. ఆయన కూచోలేదు, మంచం పక్కనే నిలబడి అరిచారు. "ఎవరు చెయ్యమన్యారు నిన్ను? ఎంతసేపు గుంజినావ్?"

"సప్పుడు వచ్చేదాకా."

"సప్పుడెందుకు?"

"సప్పుడు రాకుంటే నొప్పి యాడికి పోతాది అయ్యవారూ?"

"వచ్చింది గదా, యాడికి పోయింది? చూడు, నీ పక్కనే పండుకోనుంది."

అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వితే నడుము కలుక్కుమంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏడుస్తూ ఉంటే ఆయన గొంతు తగ్గించారు. "ముందు డాక్టరుకు చూపిద్దాం తల్లీ. ఆయన సరే అన్యాకే నేను ముట్టుకునేది."

డాక్టరు దగ్గరికి ఆయనే వెంట వచ్చారు. ఎముకకేమీ కాలేదు, కండరం పట్టింది, విశ్రాంతి తీసుకుంటే సర్దుకుంటుంది అన్నాడు డాక్టరు. అయ్యవారు అప్పుడు వదిలిన నిట్టూర్పు నాకిప్పటికీ వినిపిస్తుంది. నాకంటే ఆయనే ఎక్కువ భయపడినట్టున్నారు.

తగ్గాక మళ్లీ మిద్దె మీదికి. ఈసారి కూచోమంటే కూచున్నాను. కొన్నాళ్లకు, "ఇప్పుడు తిరుగు" అన్నారు. నాకు నేర్పినట్టే చెబుతాను, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వినండి. రెండు పిరుదులూ సమంగా ఆనాలి, ఒకటి లేచిందంటే దుప్పటి ఇంకో మడత వేసుకోవాలి. ఊపిరి పీలుస్తూ నెత్తి పైకి సాగాలి, వదులుతూ తిరగాలి. ముందు కడుపు, తర్వాత రొమ్ము, మెడ అన్నిటికంటే చివర. "మెడకు తొందరెక్కువ. ముందే పోయి ఊరంతా చూసొస్తానంటాది. ఆపు దాన్ని" అనేవారు. మోకాలి మీద చెయ్యి గుంజడానికి కాదు, ఊరికే తోడుకు. తిరిగిన చోట ఊపిరి హాయిగా ఆడుతూ ఉంటే ఉండు, ఊపిరి అడ్డుపడితే వెనక్కి రా. కాల్లోకి జివ్వున లాగితే ఆ రోజుకు చాలు. వచ్చేటప్పుడు మెల్లగా రావాలి, తర్వాత రెండో పక్క.

నాకు మాత్రం ఎడమ పక్కే ముందు చేయించేవారు. చప్పుడేమీ రాలేదు. అదే నాకు దిగులు. "ఏమీ అయితాండలేదే అయ్యవారూ" అంటే, "ఏమీ కాకపోవడమే కావల్సింది" అనేవారు.

మా ఆవిడ కూడా నేర్చుకుంటానంటే ఖరాకండిగా వద్దన్నారు. "కడుపుతో ఉండేటోళ్లు నడుం మెలి తిప్పొద్దు తల్లీ. బిడ్డకు చోటియ్యి. కాన్పు అయినాక, డాక్టరమ్మ సరే అంటే రా." తర్వాత ఆమె వచ్చింది కూడా, మా పాప చాప పక్కన ఉయ్యాల గుడ్డలో పడుకుని ఉండేది.

అహోబిలం తిరునాళ్లకు ఒకరోజు బస్సు ఊపిరాడనంత కిక్కిరిసింది. వెనక నుంచి ఒకామె టికెట్టు అని కేక వేసింది. చటుక్కున తిరిగాను. ముందుకూ తిరిగాను. మళ్లీ వెనక్కి. టికెట్లు చింపుతూ చింపుతూ ఆగిపోయాను. నొప్పి లేదు! ఎప్పటి నుంచి లేదో కూడా తెలియదు. తలెత్తితే అయ్యవారు తన సీట్లోంచి నన్నే చూస్తున్నారు.

"నొచ్చిందా?" అన్నారు.

"ల్యాదు అయ్యవారూ."

"అయితే విజిలెయ్యి, స్టేజీ దాటిపోతాండాది" అని మళ్లీ కిటికీ వైపు తిరిగారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం నిలబడింది, ఇల్లు నిలబడింది. ఇన్నేళ్లలో మళ్లీ ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తలేదు.

మొన్న టీ అక్కడే వదిలేసి ఆయన ఇంటికి పోయాను. మిద్దె మీది గదిలోనే పడుకోబెట్టి ఉన్నారు. స్నానం చేయించడానికి కిందికి దించాలి. మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. ఆయన కొడుకు తలవైపు పట్టాడు. కాళ్లవైపు ఎవరా అని చూస్తూ ఉంటే నేను ముందుకు వచ్చాను. చుట్టపు పెద్దాయన ఒకాయన, "ఆయప్ప మనోడు కాడు గదా" అని నసిగాడు. అమ్మగారు గోడకు ఆనుకుని కూచుని ఉన్నారు. తలెత్తకుండానే, "ఆయన బాగు చేసిన నడుమది. పట్టనీ" అన్నారు. పెద్దాయన పక్కకు జరిగి దారిచ్చాడు.

ఆయన్ను పడుకోబెట్టిన దుప్పటి కొసలు రెండు చేతులా పట్టుకుని వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టూ దిగాను. మలుపు దగ్గర, బరువు చేతిలో ఉన్నప్పుడు నడుము తిప్పకూడదని, పాదాలు తిప్పాను. ఊపిరి వదిలాను. నడుము పలకలేదు. నేనెన్నడూ ఆయనకు పాదాభివందనం చేసినవాణ్ణి కాదు, మాలో ఆ అలవాటు లేదు, ఆయనా అడగలేదు. ఆ ఇరుకు మలుపులో పైవాళ్లు తిరిగేదాకా నేను అలాగే ఆగి ఉన్నంతసేపూ, ఆయన రెండు పాదాలూ నా రొమ్ముకు ఆని ఉన్నాయి.