కాళ్ళ కింద గోతం

నేనెక్కిన ఆటో పెట్రోలు బంకులో ఆగినప్పుడు, పక్కన లారీకి పడుతున్న డీజిలు వాసన ముక్కుకు తగిలిందంటే, డెబ్బై దాటినదాన్ని కాస్తా తొమ్మిదేళ్ళదాన్నైపోతాను. అందరికీ కడుపులో తిప్పే ఆ వాసన నాకు మాత్రం మా నాయన చొక్కా వాసన.

మా నాయన ప్రకాశం నెల్లూరులో ఒక రైసుమిల్లు ఆసామి దగ్గర కారు డ్రైవరు. అది ఎప్పుడో ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ కారు. పెట్రోలు ఇంజను పాడైతే తీసేసి డీజిలు ఇంజను బిగించారు, కాబట్టి చూడటానికి కారు, వినడానికి లారీ. నేను రెండో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. ఎండాకాలం సెలవుల్లో నన్ను ఎక్కడ వదలాలో తెలియక నాయన తన పక్క సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. ఆసామి మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున తన సరుగుడు తోటలో తిరిగినంతసేపు మేమిద్దరం ఆ నీడలో, ఉప్పుగాలికి సరుగుడు ఆకు ఈలవేస్తుంటే, మామిడికాయ ముక్కలేసిన నిన్నటి చేపల పులుసుతో చద్దన్నం తినేవాళ్ళం. ఆ తర్వాత నాయన బండి తుడుచుకునేవాడు, నేను ఒంటరిగా ఎండ్రకాయల బొరియల్లో పుల్లలు పెట్టేదాన్ని. చేపలు పట్టే పట్టపోళ్ళ పిల్లలు తడి ఇసకలో బిళ్ళంగోడు ఆడుతూ, కారులో వచ్చిన పిల్లనని నన్ను దూరం పెట్టేవాళ్ళు. కారు మాది కాదని ఎంత చెప్పినా నమ్మేవాళ్ళు కాదు.

అప్పటి డ్రైవర్లు చాలామంది చెప్పులు విడిచి బండెక్కేవాళ్ళు, అన్నం పెట్టే బండి కదా అని. మేము కిరస్తానీలమైనా ఈ విషయంలో నాయనకూ అదే పట్టింపు. ఇంజను సెగకు కాళ్ళ కింది రేకు కాలిన పెనంలా ఉండేది, సాయంత్రానికి ఆయన అరికాళ్ళు బొబ్బలెక్కేవి. కొబ్బరినూనె రాసీ రాసీ ఓ రోజు నాకొక ఉపాయం తోచింది. మిల్లులోంచి పాత గోతం తెచ్చి, నీళ్ళలో తడిపి, నాలుగు మడతలు వేసి ఆయన కాళ్ళ కింద పరిచాను.

"పానం లేచొచ్చినట్టుండాది పాపా" అన్నాడు నాయన. అమ్మ పోయాక ఆయన నవ్వగా చూసింది ఆ రోజే. ఇక రోజూ గోతం తడపడం నా ఉద్యోగం.

ఆ వారంలోనే గేర్లు పడటం మానేశాయి. ఫస్టు గేరు వేస్తే పళ్ళు కొరికిన మోత, రివర్సు వేస్తే ఆసామి వెనకసీట్లో ఉలిక్కిపడేంత మోత. నాయన ఇంజను ఆపి, కడ్డీని ఒక్కో గేరులోకీ తోసి చూశాడు; అన్నీ మెత్తగా పడ్డాయి. ఇంజను నడుస్తుండగా వేస్తే మళ్ళీ అదే మోత.

"గేరుపెట్టెలో తప్పు లేదయ్యా. క్లచ్చి పూర్తిగా వదలడం లా" అన్నాడు ఆసామితో. అది అక్షరాలా నిజం. అరిగిన క్లచ్చి, పెడలు నేలకంటా పోతే తప్ప వదలదు. ఆ ఆఖరి రెండు వేళ్ళ జాగా నా గోతం తినేసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అంత తెలిసిన మనిషి అన్నీ అనుమానించాడు గానీ కూతురు పరిచిన గోతాన్ని అనుమానించలేదు.

బండిని మెకానిక్కు మస్తాన్ సాయిబు షెడ్డుకు తోలాడు. సాయిబు కాళ్ళ కిందనున్నదంతా తీసి బయట పారేసి, క్లచ్చి పలకలు విప్పి చూసి, బిగించి, ఆసామిని ఎక్కించుకుని తానే తోలి చూపించాడు. కిక్కురుమనలేదు. తిరిగొచ్చేటప్పుడు నేను ఆ గోతాన్ని ఏరి తెచ్చుకుని, మర్నాడు పొద్దున తడిపి బుద్ధిగా మళ్ళీ పరిచాను. మైపాడు దారిలో మళ్ళీ మోత.

"సాయిబు చేతిలో రాని మోత నీ చేతిలో వస్తా ఉండాదంటే, ఏమనుకోవాల ప్రకాశం? చెయ్యి పోయినట్టుండాది నీకు" అన్నాడు ఆసామి.

కొత్త డ్రైవరు వచ్చిన రోజు నేను మిల్లు గేటు దగ్గరే ఉన్నాను. అతను గోతాన్ని రెండు వేళ్ళతో ఎత్తి గోడవారకు విసిరేసి, ఎక్కి కూర్చుని, రివర్సు వేశాడు. కారు చప్పుడు లేకుండా వెనక్కి వచ్చింది. నాయన అప్పుడు అటు తిరిగి నిలబడి ఉన్నాడు. గోతం విసరడం ఆయన చూడలేదు, మోత రాకపోవడం మాత్రం విన్నాడు. గేరు వేసే తన ఎడమచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

నాకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. చెప్పలేదు. ఆయన కొడతాడని కాదు, ఒక్కనాడూ కొట్టలేదు. నాకున్నది ఆయనొక్కడే, చెబితే ఆ ఒక్కడూ దూరమవుతాడని భయం. చెప్పకపోయినా దూరమయ్యాడు. ఆసామి దయతలచి సరుగుడు తోటకు కాపలా పెట్టాడు, నన్ను నెల్లూరులో హాస్టల్లో చేర్చారు. వేరే కార్లవాళ్ళు పిలిచినా నాయన పోలేదు. "చెయ్యి పోయిందబ్బయా" అనేవాడు. క్రిస్మస్ సెలవులకు నన్ను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, బస్సు డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ ఆయన ఎడమకాలు కూర్చున్నచోటే కిందికి నొక్కేది. పక్కనున్నవాళ్ళకు నన్ను చూపించి, "మా పాప, నా కాళ్ళు కాలతాయని గోతం తడిపేసేది" అని గొప్పగా చెప్పేవాడు. నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఆయన పోయేదాకా అదే చెప్పాడు, ఆయన పోయేదాకా నేను నిజం చెప్పలేదు.

మొన్న, ఒకప్పుడు నా బడిలో చదివిన పక్కింటి అబ్బాయి కొత్త కారులో నన్ను మైపాడు తీసుకుపోయాడు. సరుగుడు తోట ఉన్నచోట రొయ్యల గుంటలున్నాయి. ఈ కారులో క్లచ్చే లేదు, గేర్లు వాటంతట అవే పడతాయి. ఎవరి చెయ్యి మంచిదో ఎవరికీ తెలియనక్కర్లేదు. గుంటల పక్కన బండి ఆగినప్పుడు, "నీ చెయ్యి బాగానే ఉండింది నాయనా" అని పైకే అనేశాను.

"ఏమన్నారు టీచరుగారూ?" అన్నాడు ఆ అబ్బాయి.

"ఏంలేదులే, పోనీ" అన్నాను.