సర్కారు కప్పకు జామీను

అన్నం మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నిజాం పోయిన కొత్తల్లో, దేశంలో ఏ రకం కప్ప ఎక్కడుందో పటంలో చుక్కలు పెట్టే సర్కారు ఉద్యోగం నాది. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. సుల్తానాబాద్ దగ్గర వారం వెతికితే ఒక్క కప్ప దొరికింది. సీసాలో వేసుకుని వస్తుంటే, రోకలి పట్టుకున్న ఒక ముసలవ్వ అడ్డం వచ్చింది.

“గా కప్పనియ్యి బిడ్డా. రోకలికి కట్టి ఇల్లిల్లు తిప్పుతం. అందరు దాని మీద నీళ్లు పోస్తెనే వాన పడ్తది. నారు ఎండుతాంది.”

“ఇది సర్కారు కప్ప, అవ్వా!”

“మంచిగైంది. సర్కారు గిట్లనన్న జర పనికొస్తది.”

ఇచ్చేశాను. చివరి ఇంటివాళ్లు బిందె వంచగానే ఉరిమి కురిసింది. పొలాలన్నీ బెకబెకలే. నా పటంలో ఏడు రకాల చుక్కలు పడ్డాయి.

సరే, ఒక్కటి కల్పించాను. వాన అప్పుడే రాలేదు, నాలుగు రోజులు పట్టింది. అందాకా అవ్వ నన్ను ఊరు దాటనివ్వలేదు.

“సర్కారు కప్పకు జామీను నువ్వే బిడ్డా. వాన పడ్డంక పో.”