కారుకి వినబడకుండా

మేస్త్రికి కార్లంటే అనుమానం. మనుషుల్ని అనుమానించేవాళ్లు ఇంటికొకరుంటారు, అందులో వింతేముంది? ఈయన మాత్రం కార్లని అనుమానిస్తాడు. మెకానిక్‌ని చూడగానే అవి బుద్ధిమంతుల్లా నటిస్తాయనీ, వీధి మలుపు తిరగ్గానే మళ్లీ మొదలెడతాయనీ ఆయన గట్టి నమ్మకం. అందుకే ఏ కారు జబ్బు గురించీ ఆ కారు ముందు మాట్లాడడు. వచ్చినవాళ్లని చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి లాక్కెళ్లి చెవిలో గుసగుసగా అడుగుతాడు. కొత్తవాళ్లు హడలిపోతారు. అందరూ ఆయన్ని అనుమానం మేస్త్రి అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆ పేరు పెట్టిందెవరా అని ఇంకా ఆరా తీస్తూనే ఉన్నాడు.

టాక్సీ నడిపే అమ్మాయికి మాత్రం ఇదంతా అలవాటే. వాళ్ల నాన్న టాక్సీ తోలే రోజుల నుంచీ ఈయన ఆమెకి బాబాయే. శుక్రవారం పొద్దున్నే కారు తెచ్చి, తనే షెడ్డు వెనక్కి నడిచి, గొంతు తగ్గించి సంగతి చెప్పింది. ఎడమవైపు తిప్పితే ముందు చక్రం దగ్గర కటక్కుమంటోంది. తిన్నగా వెళితే ఏమీ లేదు. సోమవారం బడి హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా ఎక్కి చూస్తుందట. ఆవిడకి నచ్చితే పిల్లల్ని తీసుకెళ్లి తీసుకొచ్చే పని ఏడాదంతా ఈ అమ్మాయిదే. స్టేషన్ ముందు తాగుబోతుల బేరాలకి కాచుకునే ఖర్మ తప్పుతుంది.

"సోమవారం సంగతి దానికి తెలుసా?" అన్నాడు మేస్త్రి.

"దేనికి బాబాయ్?"

"కారుకి. అందులో కూర్చుని ఫోన్లో గానీ మాట్లాడావా?"

మాట్లాడానంది. మేస్త్రి తల పట్టుకున్నాడు.

మాసిన చొక్కా విప్పి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, ఎవరో పెద్దమనిషిలా వెనకసీట్లో కూర్చున్నాడు. అమ్మాయి కారుని ఎడమకి తిప్పింది. మళ్లీ తిప్పింది. కళ్లు తిరిగేదాకా తిప్పింది. చప్పుడు లేదు. అప్పుడాయన అనుమానం డిక్కీ మీదికి మళ్లింది. జాకీ, స్పేరు చక్రం, గొడుగు, నీళ్ల క్యానులు అన్నీ బయట పడేయించాడు. అయినా లేదు. ఆ తర్వాత అమ్మాయి వంక అదోలా చూశాడు. ఆమెకి ఒళ్లు మండింది. సాయంత్రానికి ఆమెకీ అనుమానం పట్టుకుంది. ఈయనకి లోపమేదో అంతుబట్టక, తన మీదికి నెడుతున్నాడేమో!

మర్నాడు మేస్త్రి ఒకటే అడిగాడు. చప్పుడైనప్పుడు కార్లో ఎంతమంది ఉన్నారు? ఆలోచిస్తే, సీట్లు నిండినప్పుడే అయింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్కసారీ కాలేదు. వెంటనే ఆయన భార్యనీ, టీకొట్టాయన్నీ, మంగలినీ, సగం గడ్డం గీయించుకున్న మంగలి బేరాన్నీ కలిపి కారెక్కించాడు. మొదటి మలుపులోనే కటక్కుమంది. "దొరికింది దొంగ" అని అరిచి, మేస్త్రి తన నోరు తనే మూసుకున్నాడు.

చప్పుడు ఎక్కడిదంటే నలుగురూ పక్కవాళ్ల సీటు కిందిదన్నారు. మేస్త్రి ఎవర్నీ నమ్మలేదు. కారు ఆపించి, అందర్నీ లోపల అటూ ఇటూ ఊగమని, ముందు చక్రం వెనక ఒక్కో కీలు మీదా చెయ్యి పెట్టి చూశాడు. మలుపులో కారు ఒక పక్కకి మరీ ఒరిగిపోకుండా పట్టి ఉంచే లింకు రాడ్డు ఒకటుంటుంది. దాని కీలు అరిగి వదులైంది. బరువుతో కారు ఒరిగినప్పుడల్లా అదే కొట్టుకుంటోంది. రెండు పక్కలా కొత్తవి వేశాడు. మళ్లీ అందరూ ఎక్కారు, ఊగారు, తిరిగారు. చప్పుడు లేదు. అమ్మాయి మొహం వెలిగిపోయింది. మేస్త్రి మొహం మాత్రం ముడుచుకుంది. ఇంత తేలిగ్గా లొంగడం తనకి నచ్చడం లేదన్నాడు.

ఆదివారం ఆమె వెనక ఒక స్కూటరు పడింది. హెల్మెట్, మెడ దాకా మఫ్లరు, మొహం కనబడదు. తిన్నటి రోడ్డు మీద వెనకబడతాడు, మలుపు రాగానే పక్కకొచ్చేస్తాడు. ఎవడో వెధవ కాపు కాశాడనుకుని ఆమె వీధులు మార్చింది. వాడూ మార్చాడు. ఆమెకి నిజంగానే భయం వేసింది.

సోమవారం హెడ్‌మిస్ట్రెస్ ఎక్కింది. బెల్టులు లాగి చూసింది, తలుపులు గుంజి చూసింది. చివరికి అద్దంలోకి చూసింది.

"ఆ స్కూటరు ఇందాకట్నించీ మన వెనకే వస్తోంది. నీకు తెలిసినవాడా?"

తెలుసంటే ఒక తంటా, తెలియదంటే ఇంకో తంటా. తెలియదండీ అంది అమ్మాయి.

"ఇలాంటివాళ్లు వెంట తిరిగే కార్లో పిల్లల్నెలా ఎక్కిస్తానమ్మా? ఆపు."

ఆపింది. వెనక స్కూటరూ ఆగింది. హెడ్‌మిస్ట్రెస్ విసవిసా దిగి వెళ్లింది. హెల్మెట్ తీస్తే మేస్త్రి! అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. బాగుచేసిన చేత్తోనే బేరం చెడగొట్టాడు మహానుభావుడు. పైగా హెడ్‌మిస్ట్రెస్‌ని కారుకి దూరంగా రమ్మని చేత్తో పిలుస్తున్నాడు, చెవిలో గుసగుసలాడుతున్నాడు.

ఆవిడ తిరిగొచ్చి కూర్చుంది.

"కారు మీద అనుమానం కాదట. తన చేతి మీదేనట. పిల్లలెక్కే బండి కదా, పొరపాటున ఏదైనా వదులుగా బిగించానేమోనని నిద్ర పట్టడం లేదట. ప్రతి మలుపులోనూ వింటున్నాడు."

"అలాగా అండీ" అంది అమ్మాయి.

"మా బడి బస్సు వెనకాల వేసవి నుంచీ ఎవడో స్కూటరు మీద వస్తున్నాడని డ్రైవరు పోలీసుల దగ్గరికి వెళతానంటున్నాడు. ఆ బస్సుకి బ్రేకులు బాగుచేసిందీ ఈయనేనట." ఆవిడ పెదాలు బిగపట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. "రేపట్నించి రామ్మా."

మర్నాడు కారు నిండా పిల్లలు, కారు నిండా గోల. మలుపు దగ్గర అద్దంలో స్కూటరు కనబడగానే అమ్మాయి కిటికీలన్నీ దించింది. "అందరూ నోళ్లు మూసుకోండర్రా, తాతయ్య వినాలి" అంది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఆమె వేగం తగ్గించి, ఆయన బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఎడమకి మెల్లగా తిప్పింది.