విత్తనాల జొన్నలు

మా బాపు యాకుత్‌పురా స్టేషన్ దగ్గర కట్టెలు కోసే కార్ఖానాలో పనిచేసేవాడు. అక్కడ మిషన్ లేదు. గుంత మీద అడ్డంగా దుంగను పెట్టేవాళ్లు. దాని మీద నిలబడి బాపు రంపం పైకి లాగితే, గుంతలో నిలబడి ఆయన అన్న, మా పెద్దబాపు, కిందికి లాగేవాడు. రంపపు పొట్టు అంతా పెద్దబాపు ముఖం మీదే రాలేది.

మా మేనమామ అడవి కొట్టి కొత్తగా వేసుకున్న ఊళ్లో ఉండేవాడు. తన పక్కనే మాకూ కొంత నేల చదును చేసి పెట్టాడు. వానలు పడేలోపు వచ్చి విత్తుకోకపోతే అది వేరేవాళ్లకు పోతుందని కబురు పంపాడు. అమ్మ కుండెడు జొన్నలకు బూడిద పట్టించి విత్తనానికి దాచింది. లాల్‌దర్వాజాలో మాది కిటికీ లేని ఒక్క అర్ర. అందులో మూటలు కట్టి పెట్టుకొని రోజూ బాపును అడిగేది.

"ఎల్లుండి పోదాం" అనేవాడు బాపు. ఆ ఎల్లుండి నెల దాటింది.

"ఆ గుంతల ఏం పాతిపెట్టుకున్నవయ్యా? గీ అర్రలనే నన్ను ముసల్దాన్ని చేస్తవా ఏంది?"

బాపు చెప్పులేసుకొని పనికి పోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే మబ్బు పట్టింది. అమ్మ నన్ను వెంటబెట్టుకొని కార్ఖానాకే పోయింది, పెద్దబాపునే అడుగుదామని. పెద్దబాపుకు పెళ్లాం పిల్లలు లేరు, అక్కడే ఉండేవాడు. మొగుని అన్న, అంటే బావ, ఎదురైతే కొంగు కిందికి లాక్కొని తల దించుకోవడం మాలో పద్ధతి. అందుకని ఎన్ని ఏండ్లయినా అమ్మ ఆయన ముఖం సరిగా చూసింది లేదు.

పెద్దబాపు గుంతలోంచి ఎక్కి వచ్చి పొట్టు మీద కూర్చున్నాడు.

"బావా, మీ తమ్మున్ని ఇడిచిపెట్టు. వానొస్తే మా జాగ పోతది" అంది అమ్మ, నేల చూస్తూ.

"తీస్కపో తల్లీ. నేను ఎప్పుడో పొమ్మన్న. ఆడే ఇంటలేడు."

అంటూనే ఆయన చేయి నీళ్ల చెంబు కోసం పొట్టులో తడుముతోంది. చెంబు మోకాలి పక్కనే ఉంది. అమ్మ తలెత్తి చూసింది. చెంబు తీసి ఆయన చేతికి ఆనించింది.

"చూపు పోయి ఎన్నొద్దులాయె బావా?"

"రెండేండ్లు. కార్ఖానా సేఠ్‌కు తెల్వదు." నీళ్లు తాగి నవ్వాడు. "మీదున్నోనికి కోసే గీత కనపడాలె గని, కింద నాకేం కనపడాలె? వీని కాళ్ల మురికా?"

బాపు దుంగ మీదే అటు తిరిగి నిలబడ్డాడు. తాను పోయి దుంగ మీదికి ఇంకో మనిషి వస్తే, పెద్దబాపుకు చూపు లేదని ఒక్క పూటలో తెలిసిపోతుంది. ఆ పూటతో ఆయనకు పనీ ఉండదు, పడుకునే చోటూ ఉండదు.

"మాతోని రారాదు బావా?"

"అడివిల గుడ్డోనితోని మీకేం పని? గుంతల అయితే పనికొస్త."

అమ్మ ఇంటికొచ్చి మూటలు విప్పింది. విత్తనాల జొన్నలు చేటలో పోసి బూడిద చెరిగి, కడిగి ఆరబోసింది. మర్నాడు తిరగలిలో విసిరి రొట్టెలు కాల్చింది.

బాపు ఒక ముక్క తుంచి ఆగాడు. "ఇవి ఆ జొన్నలే గదా?"

"తిను" అంది అమ్మ. రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి ఆయన పక్కన పెట్టింది. "ఇవి బావకు. చేతికియ్యి, పక్కన పెట్టకు."

బయట వాన మొదలైంది. ఆ అర్రలో మాకు చప్పుడు మాత్రమే వినిపించింది.