పాల చాయ్

తెలంగాణ ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఊరేగింపు అడ్డమొచ్చి మా ఎల్బీనగర్ బస్సు ఆగింది. నా దవాఖాన సంచి చూసి పక్క సీటు అమ్మాయి, "ఎవరికమ్మా?" అని అడిగింది.

"మా ఆయనకు బిడ్డా. కండలు వాచి కరిగిపోతున్నయి. డాక్టరేమో కండల్ల కాల్షియం ఎక్కువైందన్నడు. గది పాలల్ల ఉంటదని మా అత్త పాలు బంద్ చేయించింది. ఆయన రోజూ పాల చాయ్ అడుగుతడు."

ఆ అమ్మాయి కండల కణాల మీదే చదువుతోందట.

"కాల్షియం కణంలోపల సైగ లెక్క అమ్మా. ఆ సైగ ఎక్కువైతే వాపు తెచ్చే పదార్థాలు పుడతయి. పాలు తాగితే గది పెరగదు. తాగనియ్యి."

"నయమైతదా?"

"తెల్వదమ్మా. గదే చదువుతున్న."

ఇంటికొచ్చి పాల చాయ్ పెట్టాను. గ్లాసు ఎత్తలేడని నేనే పట్టి తాగించాను.

"చక్కెర తక్కువేసినవ్" అన్నాడు.

ఆయన పోయేదాకా ప్రతి పొద్దునా అదే మాట.