జాకెట్టు హుక్కుల ఓడ

మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, మస్కట్ నుంచి తెచ్చిన చెక్క ఓడ రాజోలులో మా ఇంటికి చేరేసరికే విరిగిపోయి ఉంది. పెద్ద తెరచాప ఓడని కొలత తగ్గించి, మూరెడు పొడవున అచ్చం అలాగే చేసిన నమూనా అది. పెట్టెలో బట్టల కింద నలిగి తెరచాప కొయ్య రెండు ముక్కలైంది, గుడ్డ చిరిగింది, తాళ్ళు తెగిపోయాయి. బావగారు దాన్ని పారెయ్యమని అత్తగారికి చెప్పి, సెలవు అయిపోగానే వెళ్ళిపోయారు.

నేను అడిగి తీసుకున్నాను. మా పుట్టిల్లు అంతర్వేది దగ్గర. రేవులో పడవలు చూస్తూ పెరిగాను. ఏ తాడు ఎక్కడ కడతారో, ఏది లాగితే తెరచాప లేస్తుందో నాకు తెలుసు. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక వెనక వరండాలో కూర్చునేదాన్ని. కొయ్య ముక్కల మధ్య గుండుసూది దింపి అతికించి, పైన దారం చుట్టాను. అడ్డకర్రకి కొబ్బరి ఈనెలు కలిపి కట్టాను. మావగారి పాత పంచె ముక్కని టీ నీళ్ళలో నానబెట్టి గంజి పెడితే తెరచాపకి ఎండకీ వానకీ పాతబడిన రంగొచ్చింది. తాళ్ళు దూర్చడానికి జాకెట్టు హుక్కులు పనికొచ్చాయి. ఖాళీ టూత్‌పేస్టు ట్యూబు కోసి, సాపు చేసి, లంగరు కత్తిరించాను. దాని వంపు కుదరక ఎన్ని ట్యూబులు పాడుచేశానో. దారాలు పేని, కొవ్వొత్తి మైనం రాసి, తాళ్ళన్నీ బిగించాను. పూర్తయ్యాక టీవీ మీద పెడితే, దుమ్ము పట్టకుండా చూసుకోమన్నారు అత్తగారు. అంతే.

తరవాతి సెలవుకి బావగారు వచ్చినప్పుడు తాటిపాక నుంచి ఒక ఇంజనీరుగారిని భోజనానికి పిలిచారు. ఆయన హాల్లోకి వస్తూనే ఓడ దగ్గర ఆగిపోయారు. తాళ్ళు ఇంత పద్ధతిగా ఎవరు కట్టారని అడిగారు. నేను నేతిగిన్నెతో గుమ్మంలో ఉన్నాను.

"నేనేనండి," అన్నారు బావగారు. "అక్కడ సాయంత్రాలు ఏం తోచక కూర్చుని చేసేనండి. మీకు నచ్చితే పట్టుకెళ్ళండి."

మా ఆయన అక్కడే ఉన్నారు. నా వైపు చూడలేదు. ఇంజనీరుగారు సంతోషపడి, మర్నాడు జీపు పంపిస్తానన్నారు. వడ్డనలో అందరికీ నెయ్యి వేసి, మా ఆయన విస్తరి మాత్రం దాటి వెళ్ళిపోయాను.

ఇంజనీరుగారు వెళ్ళాక మా ఆయన్ని అడిగాను. "మీరైనా చెప్పొచ్చు కదండీ."

"ఇంత చిన్నదానికి అన్నయ్యని నలుగురిలో చిన్నబుచ్చమంటావా?"

చిన్నదట. నా కళ్ళు పొడుచుకుని చేసిన పని ఆయనకి చిన్నది. వాళ్ళన్నయ్య అబద్ధం మాత్రం పెద్దది, దాన్ని కాపాడాలి.

మర్నాడు పొద్దున్న కత్తెర తీసుకుని ఓడ ముందు కూర్చున్నాను. దేన్నీ విరగ్గొట్టలేదు. తాళ్ళు కోశాను, హుక్కులు లాగేశాను, తెరచాప దించాను, లంగరు తీశాను. గుండుసూది కూడా వదల్లేదు. జీపు వచ్చేసరికి టీవీ మీద ఉత్త చెక్క, విరిగిన కొయ్య ఉన్నాయి.

బావగారు ఇల్లంతా వినపడేలా కేకలేశారు. నేను పరువు తీశానన్నారు. అత్తగారు లెంపలేసుకోమన్నారు.

"మస్కట్ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉందండి," అన్నాను. "నావి నేను తీసుకున్నాను."

జీపు ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ సెలవు అయ్యేవరకు బావగారు నాతో మాట్లాడలేదు. దానికి నేనేమీ బాధపడలేదు. మరుసటేడు అద్దాల పెట్టెలో బిగించిన ఓడని తెచ్చారు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదట.

మొన్నామధ్య చుట్టాల ముందు మా ఆయన ఆ సంగతంతా నవ్వుతూ చెప్పుకొచ్చారు. అది మా ఆవిడే చేసిందండీ, ఎంత పనితనమనుకున్నారు అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మరి ఆ రోజు ఇంజనీరుగారి ముందు చెప్పడానికి నోట్లో ముద్ద అడ్డం ఉందా అని మా ఆయన్ని అడిగాను, అందరి ముందూ.