కత్తి గొంతు దాటేదాకా

మా ఆయనకు లేని జబ్బంటూ లేదని అనను గానీ, ఆ వారం పట్టుకున్నది మాత్రం కడుపుమంటే. ముప్పై ఏళ్ళుగా సెలూన్‌లో ఎవరికీ చిన్న గాటు కూడా పెట్టని మనిషి, ఆ వారంలో ఇద్దరి చెవులు గీశారు. కారణం ఎవరో కాదు, సొంత చెల్లెలు.

ఒక పాత సోల్ పాట ఉంది, అమెరికా నల్లజాతివాళ్ళు గుండెలు పిండేలా పాడే రకం. వెళ్ళిపోతున్న మనిషిని ఒక్కసారి వెనక్కి చూడమని బతిమాలే పాట. కుర్రతనంలో రికార్డు అరిగేదాకా విన్నారట. అప్పటినుంచీ గడ్డాలు గీస్తూ అదే పాడుకుంటారు. అసలు పాడినవాళ్ళు ఎవరైనా కానీ, మా వీధికి అది ఈయన పాటే. అత్తగారు పోయాక చెల్లెలు బడి నుంచి నేరుగా సెలూన్‌కే వచ్చి, మూల స్టూలు మీద హోంవర్కు రాసుకునేది. ఇప్పుడు ఆ పాటనే కొత్త వాద్యాలతో తన పద్ధతిలో పాడి బయటికి వదిలింది. లక్షలమంది విన్నారట.

"విని చెప్పు అన్నయ్యా. నువ్వు బాగుందంటేనే నాకు నమ్మకం" అని మెసేజ్ పెట్టింది. ఎనిమిది రోజులైనా ఈయన ఉలకలేదు, పలకలేదు. నేను ఆ పాట పెడితే మొదటి లైనుకే కట్టేసేవారు.

"ఆ డప్పులేమిటి? అదీ ఒక పాటేనా?"

"విన్నారా అసలు?"

"వినక్కర్లేదు."

"అన్నయ్యకు కోపం వచ్చిందా వదినా?" అని ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. కోపం కాదమ్మా, కుళ్ళు అని ఏ నోటితో చెప్పను? పనిలో తీరిక లేదని బొంకాను.

శనివారం పొద్దున పోస్ట్‌మాన్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నురగ పూయడం అయిందో లేదో, ఫోను తీసి ఆ పాటే పెట్టాడు.

"మీ చెల్లెలు పాడిందట కదా మాస్టారూ. మధ్యలో ఒకచోట ఆగుతుంది చూడండి, అక్కడ నాకు ప్రాణం పోయి వస్తుంది."

ఈయన మొహం మాడ్చుకున్నారు. కట్టేయమందామంటే పాత గిరాకీ, చేతిలో కత్తి. తప్పక వింటూ గీస్తున్నారు. అలవాటైన పాట కదా, చెయ్యి దానంతటదే పాటతో నడిచింది. చెంపలయ్యాయి, దవడ అయింది. పాట "ఒక్కసారి" దాకా వచ్చి ఆగింది. డప్పులూ ఆగాయి. కత్తి పోస్ట్‌మాన్ గొంతు ముడి మీద ఉంది. మెల్లగా ముడి దాటింది. "వెనక్కి చూడు" అని గొంతు మళ్ళీ అందుకుంది.

తువ్వాళ్ళు మడతపెడుతున్న నేను చటుక్కున తలెత్తి ఈయన వైపు చూశాను. పాత రికార్డులో అక్కడ ఆగడమే ఉండదు. గొంతు మీద కత్తి నడిచేటప్పుడు ఊపిరి బిగబట్టి పాట ఆపేది ఈయనే.

పోస్ట్‌మాన్ వెళ్ళగానే చెల్లెలికి ఫోను చేశారు.

"ఆ మధ్యలో ఎందుకు ఆగావు? అసలు పాటలో అలా లేదు."

"లేదా?" అంది ఆ పిల్ల. "అసలుది నేనెప్పుడూ వినలేదు అన్నయ్యా. వింటే నీ పాట చెడిపోతుందని భయం."

ఈయన చేతిలో కత్తి మడిచి బల్ల మీద పెట్టారు. తర్వాత, "బాగుంది. నాకంటే బాగా పాడావు" అన్నారు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు నాకూ వినిపించింది.

ఫోను పెట్టేసి నా వైపు తిరిగారు.

"ఇంకా కుళ్ళుగానే ఉందే" అన్నారు. "ఏదీ, మళ్ళీ పెట్టు."